ఐదు డాలర్ల టికెట్టు

ఫుగాజీ అనే అమెరికన్ పంక్ రాక్ బ్యాండు గురించి ఎవరు మాట్లాడినా మాట చివరికి వైరాగ్యం దగ్గరికే వచ్చి ఆగుతుంది. టీషర్టులు అమ్ముకోలేదు, పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్ళలేదు, టికెట్టు ఐదు డాలర్ల దగ్గరే ఉంచారు అని చెప్పుకొని, వాళ్ళు సంగీతలోకంలో సన్న్యాసులన్నట్టు దూరం నుంచి ఒక దండం పెట్టేస్తారు. ఆ దండంలో నాకు ఒక అన్యాయం కనిపిస్తుంది. ఒక మనిషికి సన్న్యాసి అని పేరు పెట్టేస్తే ఆయన నుంచి నేర్చుకోవలసిన బాధ్యత మనకు తప్పుతుంది. ఆయన దారి వేరు, మన దారి వేరు అనుకొని ఇంటికి వెళ్ళిపోవచ్చు. నేను పద్దెనిమిదేళ్ళుగా పద్దులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను, ఉత్తర వర్జీనియాలో ఈ బ్యాండు పుట్టి పెరిగిన ఊళ్ళ పక్కనే ఉంటున్నాను, వాళ్ళ పాటలు పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఆడిటరు కళ్ళతో చూసినప్పుడు ఆ ఐదు డాలర్ల టికెట్టులో నాకు త్యాగం కనిపించదు. వాళ్ళను నిలబెట్టినదీ, ఎదగనిచ్చినదీ ఆ ధరేనని నా వాదన.

కథ బ్యాండు కంటే ఎనిమిదేళ్ళ ముందు మొదలవుతుంది. 1979లో వాషింగ్టన్ నగరంలో ఇయన్ మకాయ్, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు హైస్కూలు కుర్రాళ్ళు మరో ఇద్దరితో కలిసి టీన్ ఐడిల్స్ అనే బ్యాండు పెట్టారు. వేగంగా, బిగ్గరగా, ఎవరి శిక్షణా లేకుండా వాయించే పంక్ సంగీతం అప్పటికి న్యూయార్కులోనూ లండన్‌లోనూ పేరు తెచ్చుకుంది. ప్రభుత్వ ఉద్యోగుల ఊరైన వాషింగ్టన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బ్యాండు ఏడాది పైచిలుకుకే విడిపోయింది. విడిపోయేనాటికి ప్రదర్శనల మీద వచ్చి ఖర్చుపెట్టకుండా ఉమ్మడిగా దాచిన డబ్బు సుమారు 600 డాలర్లు ఉంది. దాన్ని నలుగురూ పంచుకోవచ్చు, లేదా తాము వాయించిన పాటలకు గుర్తుగా ఒక రికార్డు వేసుకోవచ్చు. వాళ్ళు రికార్డు వేశారు. అలా 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ పుట్టింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. కవరు ఎలా చేయాలో తెలియక, తమ దగ్గరున్న ఒక చిన్న రికార్డు కవరును జాగ్రత్తగా విప్పదీసి, దాని ఆకారం చూసుకొని అచ్చువేయించి, కత్తెరతో కత్తిరించి, మడతపెట్టి, జిగురుతో అంటించుకున్నారు. కొన్నేళ్ళపాటు డిస్కార్డ్ రికార్డుల కవర్లు ఇలా ఇంట్లో కూర్చుని స్నేహితులు అంటించినవే. పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చిందన్నది ఏ సంస్థ చరిత్రలోనైనా నేను మొదట చూసే పద్దు. ఇక్కడ అది అప్పు కాదు, ఎవరి దయా కాదు, పంచుకోకుండా ఉంచుకున్న సొంత సొమ్ము. ఆ తర్వాత జరిగినదంతా ఈ మొదటి పద్దును అనుసరించే జరిగింది.

మకాయ్, నెల్సన్ వెంటనే మైనర్ థ్రెట్ అనే బ్యాండు పెట్టారు. మద్యం, మాదకద్రవ్యాలు వద్దనే నలభై ఆరు సెకన్ల పాట ఒకటి వాళ్ళు ఊహించనంత దూరం ప్రయాణం చేసి, ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అనే పేరుతో ఒక ఉద్యమానికి బీజమైంది. 1983లో ఆ బ్యాండు కూడా విడిపోయింది. ఈ దశ గురించి ఎంతైనా రాయవచ్చు గాని, నా వాదనకు కావలసింది ఒక్కటే: ప్రదర్శనలకు వచ్చే గుంపులో ఒకరినొకరు గుద్దుకునే ఆట రానురాను కొట్లాటగా మారి, పాటల కోసం వచ్చిన చిన్నపిల్లలూ అమ్మాయిలూ గోడలకు అంటుకుపోయే పరిస్థితి వచ్చింది. 1985 వేసవి నాటికి వాషింగ్టన్ కుర్రకారు ఈ హింసకు ఎదురుతిరిగి కొత్త బ్యాండ్లు పెట్టుకున్నారు. గై పిచొట్టో, బ్రెండన్ కాంటీ వాయించిన రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ వాటిలో ముఖ్యమైనది. ఫుగాజీ పెరిగిన నేల ఇదే.

1987 సెప్టెంబరు 3న వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్ అనే పాత చర్చి భవనంలో ఫుగాజీ మొదటి ప్రదర్శన ఇచ్చింది. గిటారు, గాత్రం మకాయ్, బేస్ గిటారు జో లాలీ, డ్రమ్స్ కాంటీ. పిచొట్టో కొద్ది నెలల్లో వచ్చి చేరాడు, మొదట గొంతు మాత్రమే కలిపాడు. రెండో గిటారు ‘రిపీటర్’ ఆల్బమ్ నుంచి మొదలైంది. బ్యాండు పేరు వియత్నాం యుద్ధంలో సైనికులు వాడిన ఒక మోటుమాట. అంతా చెడిపోయిన స్థితిని సూచిస్తుంది. సంగీతం మాత్రం చెడగొట్టే రకం కాదు. లాలీ బేస్‌లో జమైకా రెగే సంగీతపు నెమ్మదైన ఊపు ఉంటుంది, ఆ ఊపు మీద కాంటీ డ్రమ్స్ ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినట్టు నడుస్తాయి, ఆ రెండింటి మధ్య ఖాళీలో గిటార్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. కాంటీ తన డ్రమ్స్ పక్కన ఒక పెద్ద గంట వేలాడదీసుకునేవాడు. గోల మధ్యలో ఆ గంట ఒక్కసారి మోగినప్పుడు మా ఊరి గుడి గంట గుర్తుకు రావడం నా చెవుల అలవాటు కావచ్చు, కాని ఆ ఒక్క శబ్దంతో పాట మొత్తం నిటారుగా లేచి నిలబడుతుంది.

ఇక లెక్కలోకి వద్దాం. సాధారణంగా ఒక బ్యాండు పెద్దదవుతున్నకొద్దీ దాని మీద బతికే మనుషులు పెరుగుతారు. మేనేజరుకు ఒక వాటా, ప్రదర్శనలు కుదిర్చే ఏజెంటుకు ఒక వాటా, లాయరుకు ఒక వాటా, ఆపైన బస్సు, హోటళ్ళు, లైట్లు, వాటిని మోసే సిబ్బంది. టికెట్టు ధర పెరిగేది కళాకారుల ఆశ వల్లనే అనుకోవడం పొరపాటు. చాలాసార్లు ఆ ధర ఈ ఖర్చులను మోయడానికే పెరుగుతుంది. ఫుగాజీ ఈ పద్దులను ఒక్కొక్కటిగా కొట్టేసింది. మేనేజరు లేడు. ఏజెంటు లేడు, మకాయ్ స్వయంగా ఫోను పట్టుకుని ఊరూరా నిర్వాహకులతో మాట్లాడి ప్రదర్శనలు కుదుర్చుకునేవాడు. తమ వ్యానులో తామే వెళ్ళేవారు, స్నేహితుల ఇళ్ళలో పడుకునేవారు, సామాను తామే దించుకునేవారు. ఇంత తగ్గించాక, వెయ్యి మంది వచ్చిన రాత్రి ఐదు డాలర్ల చొప్పున వచ్చే ఐదు వేలలో హాలు అద్దె, స్పీకర్ల ఖర్చు పోయినా నలుగురికీ గిట్టుబాటు అవుతుంది. ఖర్చుకు తగ్గట్టు ధర పెంచకుండా, ధర ముందు నిర్ణయించుకుని ఖర్చును దాని లోపలికి కుదించారు. ఏ చిన్న వ్యాపారి అయినా ఈ పని గుర్తుపడతాడు. మా తాతగారి కిరాణా కొట్టు నడిచింది కూడా ఇదే పద్ధతిలో. తర్వాతి ఏళ్ళలో ధర ఆరు, ఏడు డాలర్లకు వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువా ఉంది. ఆ సంగతి దాచవలసిన పని లేదు, ఎందుకంటే ఐదు అనే అంకె వాళ్ళకు మంత్రం కాదు. ప్రతి ఊళ్ళోనూ నిర్వాహకుడితో కూర్చుని ఎంత తక్కువకు సాధ్యమో అంత తక్కువకు తెచ్చే బేరం వాళ్ళది.

ధర ఎంత ముఖ్యమో, ఆ ధర కట్టి లోపలికి ఎవరు రావచ్చన్నది అంతే ముఖ్యం. 1984లో వచ్చిన కేంద్ర చట్టం తర్వాత అమెరికాలో రాష్ట్రాలన్నీ మద్యం తాగే వయసును 21కి పెంచాయి. రాక్ క్లబ్బుల ఆదాయం టికెట్ల కంటే మద్యం మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి, పదహారేళ్ళ పిల్లను లోపలికి రానివ్వడం యజమానికి నష్టం, పైగా లైసెన్సుకు ప్రమాదం. టీన్ ఐడిల్స్ కుర్రాళ్ళు 1980లో కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో క్లబ్బులో మద్యం అమ్మకూడదని తెలిసేలా మైనర్ల చేతుల మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి లోపలికి పంపడం చూశారు. ఆ ఉపాయాన్ని వాషింగ్టన్ తెచ్చి అక్కడి క్లబ్బుకు చెప్పి ఒప్పించారు. ఫుగాజీ కాలానికి అది షరతుగా మారింది: ఏ వయసు వారైనా రావాలి, లేకపోతే వాయించరు. క్లబ్బులు ఒప్పుకోని ఊళ్ళలో చర్చి హాళ్ళు, స్కూలు వ్యాయామశాలలు, కార్మిక సంఘాల భవనాలు వెతుక్కున్నారు. మా తెనాలి సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని టికెట్లు ఉండేవి. నేల టికెట్టు ఉన్నన్నాళ్ళూ చేతిలో చిల్లర ఉన్న ప్రతివాడూ సినిమా చూశాడు; అది పోయాక కొందరు హాలు బయటే ఉండిపోయారు. ఫుగాజీ హాల్లో అందరిదీ నేల టికెట్టే. ఆ నేల మీద ఉన్న పదిహేనేళ్ళ పిల్లలే ఐదేళ్ళ తర్వాత తమ ఊళ్ళలో బ్యాండ్లు పెట్టారు, హాళ్ళు అద్దెకు తీసుకున్నారు, ఫుగాజీని పిలిచి ప్రదర్శన పెట్టించారు. ప్రచారానికి పైసా ఖర్చుపెట్టకుండా పెరిగిన మార్కెట్టు అది.

తక్కువ ధర చేసిన మరో పని నాకు అన్నిటికంటే ఇష్టం. జనంలో ఎవరైనా పక్కవాళ్ళ మీద పడి కొడుతుంటే ఫుగాజీ పాట ఆపేసేది. మకాయ్ మైకులో చాలా మర్యాదగా, ‘సర్’ అని సంబోధిస్తూ, ఆపమని అడిగేవాడు. వినకపోతే ఆ మనిషి చేతికి కవరులో ఐదు డాలర్లు పెట్టి బయటికి సాగనంపేవారు. ఆ కవర్లు ముందే సిద్ధంగా ఉండేవి. ఈ దృశ్యంలోని హుందాతనాన్ని అందరూ మెచ్చుకుంటారు, నేను దాని వెనుక లెక్కను కూడా మెచ్చుకుంటాను. టికెట్టు యాభై డాలర్లయితే, కొన్నవాడికి ఆ రాత్రి మీద ఒక హక్కు ఉందన్న వాదన పుడుతుంది. ఐదు డాలర్లయితే ఆ హక్కును మొత్తంగా తిరిగి చేతిలో పెట్టి, ఇక నీకూ మాకూ బాకీ లేదని చెప్పడం సులువు. ప్రేక్షకుడికి బాకీ పడకుండా ఉండే స్వేచ్ఛ అది. వీధుల్లో ఆడవాళ్ళను వేధించడం గురించి ‘సజెషన్’ అనే పాట పాడుతున్న బ్యాండు ముందు, అమ్మాయిలు గోడకు అంటుకుపోయి నిలబడవలసి వస్తే ఆ పాటకు అర్థం లేదు. అందుకే పాట ఆపడం వాళ్ళ దృష్టిలో పాటలో భాగమే. అది ఉపన్యాసంలా ఉందని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు. అప్పుడు గోడ పక్కన నిలబడినవాళ్ళను అడిగితే జవాబు వేరుగా ఉంటుందని నా నమ్మకం.

రికార్డుల విషయంలోనూ ఇదే పద్ధతి. కవరు వెనుక, పోస్టు ఖర్చుతో కలిపి డిస్కార్డ్ నుంచి నేరుగా తెప్పించుకుంటే ఎంతో ధర అచ్చువేసేవారు. దుకాణంవాడు రెట్టింపు అడిగితే కొనేవాడికి అసలు ధర తెలియాలని. వాషింగ్టన్ నుంచి నది దాటితే వచ్చే ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే ఇంజనీరు ఇంటి కింది గదిలో మొదలైన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో చాలావరకు రికార్డు చేసుకున్నారు. ఖర్చులు పోగా మిగిలినదాన్ని కంపెనీ, బ్యాండు పంచుకునే ఏర్పాటు. రాతపూర్వకమైన ఒప్పందం అంటూ లేదు. 1990లో ‘రిపీటర్’, 1991లో ‘స్టెడీ డైట్ ఆఫ్ నథింగ్’, 1993లో ‘ఇన్ ఆన్ ది కిల్ టేకర్’ వచ్చాయి. ఈ మూడోదాన్ని మొదట షికాగోలో స్టీవ్ అల్బినీ అనే రికార్డింగ్ ఇంజనీరుతో చేసి, విన్నాక తృప్తి కలగక పక్కనపెట్టి, ఇన్నర్ ఇయర్‌కు తిరిగివచ్చి టెడ్ నైస్లీ అనే ప్రొడ్యూసరుతో మళ్ళీ చేశారు. గడువు పెట్టి ఒత్తిడి చేసే కంపెనీ వెనుక ఉంటే ఒక ఆల్బమ్ పనిని ఇలా తీసి అవతల పెట్టగలరా?

అల్బినీ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అదే 1993లో ఆయన ఒక వ్యాసంలో, రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్సు మీద పెద్ద కంపెనీతో సంతకం చేసిన ఒక ఊహాజనితమైన బ్యాండు జమాఖర్చులను పద్దుల వారీగా వేసి చూపించాడు. అన్ని కోతలూ పోయాక ఒక్కొక్క సభ్యుడికి మిగిలింది నాలుగు వేల డాలర్ల పైచిలుకు. ఆ పట్టికను నేను వృత్తిపరమైన శ్రద్ధతో చదివాను, అందులోని తర్కంలో నాకు లోపం కనిపించలేదు. అడ్వాన్సు అంటే బహుమతి కాదు, బ్యాండుకు రాబోయే రాయల్టీల మీద, అంటే అమ్మకాల్లో వాళ్ళ వాటా మీద, ఇచ్చిన ముందస్తు బాకీ. స్టూడియో ఖర్చు, తరచుగా వీడియో ఖర్చు, పర్యటన నష్టాలు కూడా ఆ బాకీ ఖాతాలోకే వెళ్తాయి. అది తీరేదాకా రాయల్టీ రాదు, తీరకముందే రెండో ఆల్బమ్‌కు మరో అడ్వాన్సు వస్తుంది. రైతు విత్తనాలకు, ఎరువులకు వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి పంట అతనికే వేసే పద్ధతి తెలిసిన తెలుగు పాఠకులకు ఇంతకంటే వివరించనక్కర లేదు.

ఆ రోజుల గాలి ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. 1991 సెప్టెంబరులో నిర్వానా అనే బ్యాండు ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ వచ్చి, పంక్‌లో డబ్బుందని కంపెనీలకు తెలిసింది. 1994లో గ్రీన్ డే అనే మరో పంక్ బ్యాండు ఆల్బమ్ ‘డూకీ’ అమెరికాలోనే కోటికి మించి అమ్ముడుపోయే దారిలో బయలుదేరింది. అట్లాంటిక్ రికార్డ్స్ అధినేత అహ్మెట్ ఎర్టెగన్ అంతటివాడు ఫుగాజీని తీసుకోవాలని ప్రయత్నించాడు. వాళ్ళు వద్దన్నారు. గ్రీన్ డేను నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళ పాటలు నాకు ఇష్టం, పెద్ద కంపెనీకి వెళ్ళారని కాలిఫోర్నియాలో సొంత క్లబ్బే వాళ్ళకు తలుపు మూసిన సంగతి తలుచుకుంటే బాధ కలుగుతుంది. కాని అక్కడ బ్యాండు ఎదగడానికి కంపెనీ అవసరమైంది, ఇక్కడ కాలేదు. మైకేల్ జాక్సన్ స్థాయి అమ్మకాలను మాత్రమే ఎదుగుదల అంటే ఫుగాజీ ఎదగలేదు. యాభై రాష్ట్రాల్లోనూ, ప్రపంచమంతటా కలిపి పదిహేనేళ్ళలో వెయ్యికి పైగా ప్రదర్శనలు, ఒక్క ప్రకటన లేకుండా నిండిన హాళ్ళు ఎదుగుదల అయితే, ఆ తరంలో వాళ్ళంత ఎదిగినవారు తక్కువ. పైగా ఆ స్వేచ్ఛను వాళ్ళు పనికి పెట్టారు. గల్ఫ్ యుద్ధం మొదలవడానికి కొద్దిరోజుల ముందు, 1991 జనవరిలో, వైట్ హౌస్ ఎదుట లఫాయెట్ పార్కులో చలిలో నిలబడి యుద్ధానికి వ్యతిరేకంగా వాయించారు. వాషింగ్టన్‌లో ఇచ్చిన ప్రదర్శనల్లో చాలావాటి రాబడి ఇళ్ళు లేనివారికీ, క్లినిక్‌లకూ, సహాయ సంస్థలకూ వెళ్ళింది.

నా వాదన మీద రాగల బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను పక్కకు నెట్టలేను. మకాయ్ తండ్రి వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో జర్నలిస్టు. ఈ కుర్రాళ్ళు ఆకలి తెలిసిన ఇళ్ళ నుంచి రాలేదు. పైగా ఫుగాజీ మొదలయ్యేనాటికే మైనర్ థ్రెట్ పేరు ఉంది, ఏడేళ్ళ వయసున్న సొంత కంపెనీ ఉంది. ఏమీ లేని బ్యాండు ఐదు డాలర్ల టికెట్టు పెడితే పెట్రోలు ఖర్చు కూడా రాదని ఎవరైనా అంటే అది నిజమే. అయితే ఆ కంపెనీని ఆకాశం నుంచి ఎవరూ దించలేదు. 600 డాలర్లను పంచుకోకపోవడం వల్ల వచ్చింది, కవర్లు అంటించిన రాత్రుల వల్ల నిలిచింది. మధ్యతరగతి భద్రత ఎందరికో ఉంది. దాన్ని ఇలా వాడినవాళ్ళే తక్కువ. ఈ పద్ధతి అందరికీ సాధ్యమని నేను అనను. పద్ధతి అని ఒకటి ఉందని, అది లెక్కకు నిలుస్తుందని మాత్రం అంటాను.

కిందటి ఏడాది మా అమ్మాయికి ఒక సంగీత ప్రదర్శనకు టికెట్టు కొన్నాను. తెర మీద చూపిన ధర ఒకటి, చివరి పేజీలో సర్వీసు చార్జీ, నిర్వహణ చార్జీ, మరేదో చార్జీ కలిసి చూపిన మొత్తం ఒకటి. రెంటికీ మధ్య తేడా ఒక్కటే ఐదు ఫుగాజీ టికెట్ల పైన ఉంది. ఆ రాత్రి నేను ఫుగాజీ ప్రదర్శనల నిధిని తెరిచాను. 2011 డిసెంబరులో డిస్కార్డ్ ఈ నిధిని ప్రజలకు అందుబాటులో పెట్టింది. మిక్సింగ్ బల్ల దగ్గర రికార్డు చేసి ఉంచిన వందల ప్రదర్శనలు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. తేదీ, హాలు, ఊరు, గుమ్మం దగ్గర తీసుకున్న ధర, వచ్చిన జనం సంఖ్య వరుసగా ఉంటాయి. అది నా కళ్ళకు చక్కగా రాసిన చిట్టా పుస్తకంలా కనిపించింది. ఒక్కో ప్రదర్శనకు సూచించిన ధర మళ్ళీ ఐదు డాలర్లే. ఒకటి నుంచి వంద దాకా కొనేవాడు తనకు తోచినంత ఇవ్వవచ్చు. ఒక రికార్డింగు పెట్టుకుని విన్నాను. పాట మధ్యలో ఆగింది. కాసేపు నిశ్శబ్దం, జనంలో ఎవరివో కేకలు, ఆ తర్వాత మకాయ్ గొంతు తొందర లేకుండా ఎవరితోనో మాట్లాడుతోంది. మా అమ్మాయి గది గుమ్మంలో నిలబడి, పాట ఎందుకు ఆగిందని అడిగింది. చెప్పాను. తనూ వచ్చి కూర్చుంది.

వాళ్ళు ఆగిన తీరు కూడా ఈ లెక్కలోదే. 2001లో ‘ది ఆర్గ్యుమెంట్’ వచ్చింది. నా దృష్టిలో వాళ్ళ ఆల్బమ్‌లన్నిటిలోకీ గొప్పది, చివరిది కూడా. 2002 నవంబరులో లండన్‌లో వాయించాక మళ్ళీ వేదిక ఎక్కలేదు. ఇళ్ళలో పిల్లలు పెరుగుతున్నారు, పెద్దవాళ్ళకు వయసు మీదపడుతోంది, నెలల తరబడి వ్యానులో తిరగడం కుదరడం లేదు. డ్రమ్స్ వాయించేవాడి బదులు ఇంకొకరిని తెచ్చుకుని నడిపించుకోవచ్చు, పేరుకు అంత విలువ ఉంది, అలా చేయలేదు. విడిపోయామని ప్రకటించనూ లేదు. పెద్ద కంపెనీతో సంతకం చేసిన బ్యాండుకు ఇలా ఆగే వీలు సాధారణంగా ఉండదు, ఇంకా ఇన్ని ఆల్బమ్‌లు బాకీ ఉన్నావని ఒప్పందం గుర్తుచేస్తుంది. ఆ నలుగురికీ గుర్తుచేసేవారు లేరు, తీర్చవలసిన బాకీ లేదు. వ్యాను ఇంటికి తెచ్చి నిలిపారు.